సున్నా మిల్లీమీటర్లు

దగ్గుమందు సీసాలో వచ్చింది నూనె,
మూతకి గుడ్డపీలిక చుట్టుకుని.
అయిన్ ద్రాహం కొండల నుంచి తూనిస్ దాకా
బస్సులో ఉమ్మెల్‌ఖీర్ ఒళ్ళో కూచుని.
బల్లమీద పెట్టి మూత తిప్పానో లేదో
గది గదంతా వానకు తడిసిన పొద.

రీహాన్ అంటారు వాళ్ళు.
తెల్లపూలు, నల్లకాయలు, నలిపితే ఘాటెక్కే ఆకు.
గంపలకొద్దీ రాగి డేగిసాలో కుక్కి
తెల్లారగట్ల నుంచి మంట ఎగదోస్తే
పొద్దుగూకేసరికి దక్కేది గుప్పెడు చెమట.
మేకపళ్ళ మీద చెట్టు దాచుకున్న కోపం అది.
మనం మందు అంటున్నాం.

ముందు ఊదారంగు ద్రావణంలో వేశాను.
అరగంట.
ఊదా వెలిసింది, ఇంకా వెలిసింది,
చివరికి చేమంతి పసుపు.
ఒంట్లో పట్టే తుప్పుని ఇది నిలవేస్తుందేమో,
గాజుగొట్టంలో మాత్రం నిలవేసింది.
అంతవరకే రాశాను.

తర్వాత గాజుపళ్ళేలు.
సూక్ష్మజీవుల్ని నారుమడిలా చల్లి
నడుమ నూనెలో తడిపిన కాగితపు బొట్టు.
రాత్రంతా వెచ్చటి పెట్టెలో.
పొద్దున్నే మూత తీస్తే
బొట్టు చుట్టూ వరదగుడి!
ఆ గుడిలో ఒక్కటీ మొలవలేదు.
స్కేలు పెట్టి కొలిచాను:
పద్దెనిమిది. ఇరవై రెండు. పదిహేను.

నాలుగో పళ్ళెం మాత్రం పచ్చగా నవ్వింది.
బొట్టు అంచుదాకా పాకి, దాన్ని ఒరుసుకుని.
సున్నా.

ఫలితాలకి తనే వచ్చింది.
కొడవలి గీతలు పడ్డ వేళ్ళు బల్లమీద పరిచి,
"ముప్ఫయ్యేళ్ళు. ఒక్కటీ చీము పట్టలేదు" అంది.
నేను మూడు పళ్ళేలే చూపించాను.
నాలుగోదాని మీద నా చెయ్యి ఉంది.
"అదేంటి?"

చెప్పక తప్పలేదు.
చాలాసేపు వంగి చూసింది.
"ఆ పచ్చది," అంది,
"మాగిన ద్రాక్షపళ్ళ వాసనేస్తుందా?"

అది పుస్తకాల్లో ఉండే మాట.
ఆవిడకి చదువు రాదు.

"లమీన్ కాలు అలాగే వాసనేసింది.
కట్టు విప్పితే గుడ్డంతా ఇదే పచ్చ.
పదకొండు రోజులు పోశాను, సీసా తర్వాత సీసా.
ఆసుపత్రికి తీసికెళ్ళేసరికి ఆలస్యమైంది.
నూనెలో నీళ్ళు కలిపిందన్నారు అత్తవారు.
చెయ్యి మంచిది కాదన్నారు ఊళ్ళోవాళ్ళు.
నేనూ... అవునేమో అనుకున్నాను."

పెట్టె మోటారు ఒక్కటే గురకపెడుతోంది.

"నూనె మంచిదేగా?"
మంచిదే.
"దీనికి మాత్రం పనిచెయ్యదు."
చెయ్యదు.
"ఎవరు వండినా?"
ఎవరు వండినా, అన్నాను.

కళ్ళు తుడుచుకోలేదు. కొంగు సర్దుకుంది.
"ఆ సున్నా కూడా రాయి.
పైన రాయి, అందరికీ కనబడేట్టు."

పట్టికలో నాలుగో వరసని
మొదటికి జరిపాను.

మిగిలిన నూనె అడిగి తీసుకుంది.
బస్సుకి ఇంకా గంటుంది.
గుమ్మం దగ్గర ఆగి,
మూత తిప్పి, ఒక చుక్క
బొటనవేలి మీది నిన్నటి గాటుకి రాసుకుంది.