ఏడు మేకు రంధ్రాలు

వంద రూపాయల స్టాంపు కాగితం మీద
పదకొండు నెలలని రాసుకున్నాం.
నాలుగో నెల చివర్లో
కంపెనీవాళ్లు భీమవరం ల్యాబు మూసేశారు.
ఒంగోలు వస్తే రమ్మన్నారు, లేకపోతే లేదన్నారు.

పెద్దిరాజుగారు వరండాలో కుర్చీ వేయించుకుని
కళ్లజోడు తుడుచుకుని
తొమ్మిదో షరతు చదివారు.
"గడువు లోపల ఖాళీ చేసినచో..."
ఆ "చేసినచో" దగ్గర ఆగి నా వైపు చూశారు.
మనిషి నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

లెక్క చెప్పారు.
అడ్వాన్సు ముప్పై వేలు.
నోటీసు ఇవ్వనందుకు రెండు నెలల అద్దె, ఇరవై.
రంగులకి ఆరు.
మోటారు రిపేరులో నా వాటా పన్నెండు వందలు.
మేకు రంధ్రాలు ఏడు, స్వయంగా లెక్కపెట్టి వచ్చారు,
"వాటికేం వెయ్యట్లేదమ్మా, ఆడపిల్లవి."
నా చేతికొచ్చేది రెండు వేల ఎనిమిది వందలు.

ఆయ్, అన్నాను.
మా వైపు ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదు,
విన్నట్టు.

నేను నీళ్లు పరీక్ష చేసేదాన్ని.
రైతులు చెరువు నీళ్లు సీసాలో తెస్తే
ఉప్పెంతో అమ్మోనియా ఎంతో రాసిచ్చేదాన్ని.
ఈ ఫ్లాటు కుళాయి నీళ్లూ ఓసారి చూశాను.
గోడ పొక్కింది ఆ ఉప్పుకే, నా వల్ల కాదు.
నాలుగు నెలల్లో నేనెంత పాడుచేయగలను?

ఇంకో సంగతి.
నా గిన్నెలు ఇంకా సర్దకుండానే
వాచ్‌మన్ ఏసుపాదం తలుపు తట్టి
కొత్త జంటకి వంటగది చూపించాడు.
ఆమె అలమర లోతు జానతో కొలిచింది.
ఒకటో తారీకున దిగుతామంది.
ఒకటో తారీకు నుంచి వాళ్ల అద్దె.
ఒకటో తారీకు నుంచి నా అద్దె కూడా.
అంటే ఒకే ఇంట్లో ఉంటామన్నమాట,
వాళ్లు మంచం వేసుకుని
నేను తొమ్మిదో షరతులో.

అదే అడిగాను, గొంతు పెంచకుండా.
"ఖాళీగా ఉన్నన్నాళ్లకి తీసుకోండి, ధర్మం.
నిండిన ఇంటికి రెండుసార్లెందుకండీ?"
కాగితం మడిచారు. విప్పారు.
"చట్టం తెలుసా నీకు?"
తెలియదు.
నాకు ఒక సీసా తెలుసు.

ఈ ఇంటికి రాకముందు మాట.
ఉండి దగ్గర ఎనిమిదెకరాల చెరువు, మూడేళ్ల లీజు,
సీసా మీద చీటీలో పేరు పెద్దిరాజు.
వైట్‌స్పాట్ అని రాసి సంతకం పెట్టింది నేనే.
మొదటి పంటకే ఆయన గట్టు దిగిపోయారనీ
చెరువు ఆసామి గుమ్మంలో మధ్యాహ్నం దాకా నిలబడి
"రొయ్య చచ్చిన చెరువుకి మిగతా లీజెలా కట్టనండీ" అన్నారనీ
ఆసామి సగం వదిలేశాడనీ
ల్యాబులో అందరం చెప్పుకున్నాం.

మాట నాలిక చివరిదాకా వచ్చింది.
సీసా మీద పేరు బయట చెప్పకూడదు,
మా ఉద్యోగంలో అదొక షరతు.
"చెరువులెలా ఉన్నాయండీ ఈ ఏడు" అన్నాను, అంతే.

ఆయన చాలాసేపు మెట్ల వైపు చూశారు.
పెన్ను తీసి ఇరవై కొట్టేసి
పది వేశారు.
"మరి రంగులు..." అన్నాను.
"అది మా ఆవిడ లెక్క" అన్నారు.

ఆటో కింద హారన్ కొడుతుంటే
అయిపోవచ్చిన టూత్‌పేస్టు నొక్కి నొక్కి
రంధ్రాలు పూడ్చాను.
ఆరింటికే సరిపోయింది.
ఏడోది తలుపు పక్కన, క్యాలెండరుది.
ఆమెకీ ఒక క్యాలెండరు ఉంటుందిలే.