నొగ బరువు

ముందు ఇల్లు కొన్నాం, తర్వాత ఎద్దుల్ని వెతుక్కున్నాం.
ముప్ఫై అడుగుల ట్రైలరు. మంచం, పొయ్యి,
దోసిలంత సింకు.
ప్వెబ్లోలో మా వాకిట్లో చెక్కదిమ్మల మీద
ఆరు వారాలుగా అలిగి కూచుంది.

డీలరు దగ్గర వెర్నన్ ప్రతి బండి గురించీ
పాణికే చెప్తున్నాడు.
నడిపేది నేను.
పాణి చూపు పక్కలనుంచి మూసుకొస్తోంది,
కొట్టు కట్టేవేళ చెక్కలు ఒక్కోటే దిగేసినట్టు.
ఆ సంగతి వెర్నన్‌కి చెప్పలేదు.
తాళాలు ఇలా ఇవ్వు, అన్నాను.

దీన్ని అర టన్ను అంటాడు, దాన్ని ముప్పావు.
దేంట్లో అర? అంటే నవ్వుతాడు.
పేరుకే. మా మేనత్త బంగారమ్మ మెళ్ళో
పసుపుతాడు తప్ప ఏం చూశాం?

పదివేల పౌన్లు లాగుతుందట.
లాగుతుంది సరే.
డ్రైవరు తలుపు తెరిచి గొంతుక్కూచుని
గుమ్మం పక్కన అంటించిన స్టిక్కరు చదివాను.
మనుషులూ సామానూ కలిపి
పద్నాలుగు వందల ఎనభై.
లాగడం వేరు, మోయడం వేరు.

మా నాన్న చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా.
చెరకుబండి లోపలికొచ్చేటప్పుడు ఒక తూకం,
పోయేటప్పుడు ఒక తూకం.
తేడాయే చెరకు, అనేవాడు, మిగతాదంతా బండి.
నొగ మీద ఎక్కువైతే ఎద్దు మెడ కాయలు కాస్తుంది,
వెనక ఎక్కువైతే కాడి లేచి గొంతుకి పలుపు బిగుస్తుంది.
కాటా మీదే నిలబెట్టి
మోపులు ముందుకీ వెనక్కీ సర్దించేవాడు,
వెనకున్న బళ్ళవాళ్ళు తిడుతున్నా.

మా ట్రైలరు నొగ బరువు పదకొండు వందలు.
తగిలించే ఇనుము వంద.
నేను నూట నలభై. పాణి నూట తొంభై, ఒప్పుకోడు.
అప్పుడే యాభై ఎక్కువ.
ఇంకా బియ్యం ఎక్కలేదు, గ్రైండరు ఎక్కలేదు,
సుభాషిణి హార్మోనియం ఎక్కలేదు.

సుభాషిణి పాణి మొదటి భార్య.
నేను ఆవిణ్ణి చూళ్ళేదు.
హార్మోనియం బాత్రూం కాటా మీద తూచాను,
ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి.
ముప్ఫై పౌన్లు.
పాణి వద్దులే అన్నాడు. ఆ అనడంలోనే తెలిసింది
అది రావాలని.

తర్వాత డీజిలు బండి.
ఎంత కొండనైనా గుంజుకుపోయే ఇంజను.
దాని స్టిక్కరు చూస్తే
పక్కనున్న పెట్రోలు బండికన్నా అంకె చిన్నది.
అదేమిటంటే, ఆ ఇంజనుని కూడా
అదే మోసుకోవాలి కదా.
అలాంటి మగాణ్ణి ఒకణ్ణి ఎరుగుదును.
ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను.

పెట్రోలుదే తీసుకున్నాం. ముప్పావు టన్ను, తెలుపు,
ఎవరో వాడి అమ్మింది, తలుపు మీద చిన్న సొట్ట.
మూడు వేల వంద మోస్తుంది.
మొనార్క్ కనుమ ఎక్కేటప్పుడు అరుస్తుంది, అన్నాడు వెర్నన్.
అరవనీ. దిగేటప్పుడు ఆగుతుందా?
అప్పుడు తిరిగాడు నావైపు.
గేర్ల సంగతి, బ్రేకుల సంగతి
అరగంట చెప్పాడు.

సాయంత్రం వాకిట్లో వెనక్కి తెస్తున్నాను.
పాణి నొగ పక్కన నిలబడి చేతులూపుతున్నాడు.
రా, రా, ఎడమకి.
నీ ఎడమ కాదు, నా ఎడమ!
తగిలించే గుండు నాకు కనబడదు.
అతనికి అదొక్కటే కనబడుతుంది.
నాలుగుసార్లు తప్పాం. పక్కింటాయన
గడ్డి కోయడం ఆపి మరీ చూస్తున్నాడు.
అయిదోసారికి ఠక్కుమంది.
బండి వెనక రెండంగుళాలు కుంగి
నిలబడింది.