సిలబస్‌లో లేని ఊరు

బ్రాడీపేట, మూడో అంతస్తు.
కింద ఎండుమిర్చి లారీ ఏదో పోయినట్టుంది,
క్లాసంతా ఒకటే దగ్గు.

మస్తానయ్య మాస్టారు బోర్డుకి నిలువునా గీత లాగారు.
ఇటు రోము, అటు పర్షియా.
గీత పక్కనే ఓ చుక్క: దారా కోట.
కట్టింది వీళ్ళు. పట్టింది వాళ్ళు.
సంధిలో మళ్ళీ వీళ్ళకి.
పదమూడేళ్ళు తిరక్కుండానే వాళ్ళకి.
గీత జరిపినప్పుడల్లా అరచేత్తో తుడిచి తుడిచి
చుక్క ఉన్న చోట బోర్డు తెల్లబారింది.

"సంవత్సరాలు తప్పితే రెండు మార్కులు గోవిందా."

వెనక బెంచీలో ఫిరంగిపురం రాహేలు లేచింది,
మిర్చి ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ.
"ఆ ఊళ్ళో పొయ్యి రాజేసుకునేవాళ్ళు
పన్ను ఎవరికి కట్టేవాళ్ళు సార్?"

ఆయన చేతిలో సుద్దముక్క ఆగింది.
"ఎవడొస్తే వాడికి.
ఇద్దరికీ కట్టిన ఏడు కూడా ఉండే ఉంటుంది.
అడగర్లే, రాసుకోకు."

బెల్లయ్యాక ఒక్కణ్ణే ఉండిపోయాను.
రెండు రాజ్యాల్నీ డస్టరు మింగేసింది.
దక్షిణాన ఎడారికి బోర్డు చాలక
ఆయన గోడ మీదికి దింపి గీసిన బాణం మాత్రం
ఎవరూ తుడవలేదు.

సున్నం మీద సుద్ద.
దగ్గరికి పోతేగానీ కనపడదు.