గొర్రెలు కత్తిరించిన చెట్టు

వేల్స్ కొండ మీద కంచె దాటగానే నెరిస్ ఆగింది.
నడుమెత్తు హాథార్న్.
వయసు మాత్రం ఆమె అమ్మమ్మది.

పడమటి గాలి దాన్ని ఒకే పక్కకి దువ్వింది,
చిగురేసినప్పుడల్లా గొర్రెలు కొరికి పోయాయి.
కత్తెర పట్టినవాళ్ళెవరూ లేరు.

గ్యాస్ బిల్లు వెనక పెన్సిల్‌తో
మొదలు వంపు గీసుకుంది,
వేళ్ళు రాయిని పట్టుకున్న తీరు గీసుకుంది.
ఎండుకొమ్మ దగ్గర చెయ్యి ఆగింది.
దాని మీద ఓ కాకి, వానలో,
సొంతిల్లన్నట్టు.

ఇంట్లో కుండీలో పదకొండేళ్ళ మొక్క.
సరిగ్గా అలాంటి కొమ్మే
పోయిన మార్చిలో
అందం చెడిందని కోసేసింది.

రాత్రి, రాగితీగ విప్పుతూ,
ఆ గాటు మీద బొటనవేలు పెట్టి
చాలాసేపు కూర్చుంది.
కిటికీ బయట గాలి
ఇంకా పని చేస్తూనే ఉంది.