ఒక జెండా

ఆ ఏడు పద్మపురం రెండో డివిజన్.
గుడారి, రామనగుడ, కాశీనగరం కూడా అందులోనే.
మొదటి డివిజన్ వాళ్ళకి మూడు బంతులు, రంగు బనీన్లు,
నిమ్మకాయ నీళ్ళ డ్రమ్ము.
మా నాలుగూళ్ళకీ కలిపి ఒకటే బంతి,
పనసగింజలా రెండు కొసలూ సన్నం.
శనివారం సాయంత్రం కండక్టరు కామేశు ఒళ్ళో కూర్చుని
ఏ ఊళ్ళో ఆటైతే ఆ ఊరికి
టిక్కెట్టు లేకుండా వచ్చేది.

కటకం క్యాంపులో పదిరోజులు నేర్చుకొచ్చి
త్రినాథ పాణిగ్రాహి సారు మాకీ పిచ్చి అంటించారు.
వరి కోసేసిన మడిలో చెరో కొసనా
నాలుగేసి వెదుళ్ళు పాతి
నడిమి రెంటి మధ్య నన్ను నిలబెట్టి,
"ఇందులోంచి పోతే ఆరు. రెండు జెండాలూ ఊపు.
పక్క సందులోంచి పోతే ఒకటి. ఒకే జెండా.
గుంజకి తగిలినా ఒకటే" అన్నారు.

తప్పినోడి చేతిలో కూడా ఒకటి పెట్టే ఆట!
లెక్కల్లో ముప్పై దాటని గుంటని,
నాకు నచ్చకేం చేస్తుంది?
జెండాలు మా అమ్మ ఆస్పత్రి చీర చెంగులు,
ఎంత ఉతికినా డెట్టాలు వాసన.

గోలు పడితే తెలుగోళ్ళు "రెండు, రెండు" అనీ
ఒడియా వాళ్ళు "దుయిటా" అనీ
కొండ దిగొచ్చిన సవరలు "బాగు, బాగు" అనీ.
మెచ్చుకుంటున్నారనుకున్నాను మొదట్లో.
సవరలో బాగంటే రెండని
ఎనోసు రయితా చెప్పి నవ్వాడు.
ముందు పన్ను లేదు,
గుడారి మేచిలో పోయింది.

రామనగుడలో బంతి నూతిలో పడితే
పాతాళగరిగె వేసి తీసేసరికి చీకటి.
గుడారిలో బస్సు తప్పి
తొమ్మిదికి ఏడుగురే ఆడారు మావోళ్ళు.
అయినా మాఘమాసం వెళ్ళేలోగా
గుణుపురం గ్రౌండులో, కాశీనగరంతో, ఆఖరాట.
గెలిస్తే మొదటి డివిజన్.

ఏడు గోల్సు, పది తప్పులు, మాది యాభై రెండు.
వాళ్ళది యాభై నాలుగు.
పట్టాముక్క గంట కొట్టడానికి
బంట్రోతు చెయ్యెత్తేడు.
అప్పుడు తన్నాడు ఎనోసు.

పొద్దులోంచి వచ్చింది బంతి,
తిరుగుతూ, తాపీగా,
నా తల మీంచి, రెండు వెదుళ్ళ నడుమ నుంచి

టక్.

చేటని గోటితో మీటినంత.
ఎవరికీ వినబడలేదు.
"బాగు! బాగు!" అని గట్టంతా లేచింది.
నా చేతులు రెండూ అప్పటికే సగం లేచేయి.

ఎడం చెయ్యి దించేసాను.

యాభై మూడు.

తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీ.
కెప్టెన్ తవిటినాయుడు నెల్లాళ్ళు
మా వీధిలోంచి నడవలేదు.
అమ్మ మట్టుకు జెండాలు చింపి మసిగుడ్డలు చేస్తూ
"ఒలే, ఆ చప్పుడు నీ గాజుదేమోనే" అంది.

ఆ రోజు గాజులేసుకున్నానా?
అమ్మతో దెబ్బలాడి తీసేసినట్టు ఒకసారి,
ఎర్రవి అరడజనూ ఉన్నట్టు ఇంకోసారి
ఇప్పటికీ గుర్తొస్తుంది.

మరుసటేడు లీగే లేదు.
సారుకి మల్కనగిరి బదిలీ అయ్యింది.
మొదటి డివిజన్ మూడు బంతులూ
ఏ అటకెక్కాయో.
ఎక్కలేకపోయామని అంత ఏడ్చామా,
ఆ మెట్టు ఎవరు ఊడబీకేరో కూడా తెలీలేదు.

నేనిప్పుడు ధాన్యం మండీలో తూకం రాస్తాను.
ఎనోసు మొన్న ఇరవై రెండు బస్తాలు తెచ్చేడు.
జుట్టు పల్చబడింది. పన్ను కట్టించుకున్నాడు.
ఆట సంగతి తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
బస్తాలు దించుతూ లెక్కపెడుతున్నాడు,
అబొయ్, బాగు, యాగి...
నేను తెలుగులో వేసుకుంటున్నాను.
రెండో బస్తా దగ్గర పెన్ను ఆగిపోయింది.

"ఏటి, తేడా వచ్చిందా?" అన్నాడు.

లేదన్నాను.