తండ్రి పోలిక

వల్దీవియాలో జూన్ అంటే చలి. వాన పట్టి మూడో వారం.
చేపల రేవులో సముద్రసింహాల అరుపులు
ల్యాబ్ కిటికీ దాకా వస్తాయి.
నా పని లెక్కపెట్టడం.
గాజుపలక మీద నెత్తుటి పొర,
కుడిచేతి కింద మీటల యంత్రం.

నాలుగు రోజుల పసివాడు. పేరింకా పెట్టలేదు,
చీటీ మీద తల్లి పేరే: రాయేన్ కయుకేయో.
వంద తెల్లకణాలు లెక్కపెడితే
న్యూట్రోఫిల్ మీట ఒక్కసారే టక్‌మంది.
మళ్లీ లెక్కపెట్టాను. వందకి ఒకటి.
బొడ్డు చుట్టూ ఎర్రబడిందని నర్సు ఒదెత్ ఫోన్లో చెప్పింది,
చీము లేదు, నయమే కదా అంది.
చీము పట్టాలన్నా ఆ కణాలే కావాలి, ఒదెత్.

ముక్కెవరిది, నుదురెవరిదని
చూడొచ్చినవాళ్లు వెతుకుతారు.
వీడికి తండ్రి పోలిక మొహంలో లేదు,
తెల్లకణం పైపొర మీద ఉంది, కంటికానని చిన్న గుర్తు.
తొమ్మిది నెలలు మోసిన నెత్తురు
దాన్ని పరాయిదనుకుంది.
బిడ్డకి కాపలా పంపుతూ పంపుతూ
ఆ కాపలాతోనే
ఈ పొరపాటునీ పంపింది.

"అయితే నేనే చేశానా?" అందట రాయేన్.
ఎలిసెయో, పడవలకి తారు పూసే మనిషి,
"గుర్తు నాది, తప్పూ నాదే" అన్నాడట.
ఆ లేని తప్పుని చెరో కొసా పట్టుకుని
తడిదుప్పటిలా పిండుకున్నారు ఇద్దరూ.

మందు చిన్నదే. రోజుకో సూది, తొడలో,
మజ్జని తట్టి లేపడానికి.
యాంటీబయాటిక్ చుక్కచుక్కగా.
మోచేతుల దాకా చేతులు కడుక్కోవడం.
మిగతాదంతా ఎదురుచూపు:
తల్లి ఇచ్చింది తనంతట తానే అరిగిపోవాలి,
వారాలు పడుతుంది, నెలలైనా పట్టొచ్చు.
పాలివ్వొచ్చా అంటే ఇవ్వమన్నారు.
అన్నిటికీ ఏడవని మనిషి
ఆ ఒక్క మాటకి ఏడ్చిందట.

ఆరో రోజు రెండు. ఏడో రోజూ రెండే.
తొమ్మిదో రోజు పదిహేడు!
సూది ఆపి చూస్తే, పన్నెండో రోజు మళ్లీ నాలుగు.
ఎవరూ అడక్కపోయినా ఆ రాత్రి మూడోసారి లెక్కపెట్టాను.
నాలుగే.
సూది మళ్లీ మొదలైంది.

నిన్న ఆవిడే వచ్చింది, తలుపు దగ్గర నీళ్లోడుతున్న గొడుగుతో.
చూపిస్తారా అంది.
రూల్సు ఒప్పుకోవు. స్టూలు జరిపాను.
మూడు గింజల చిక్కుడుకాయని మడిచినట్టుండే కణం,
అది పోల్చుకోడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.
"అచ్చం వాళ్ల నాన్నే," అంది, కన్ను తీయకుండా.
"ఆలస్యంగా వచ్చి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డం."
నవ్వుతోందో లేదో వెనకనించి తెలీలేదు.
"దీన్ని లెక్కలో వేశారా?"
వెయ్యలేదు.
అప్పుడు నొక్కాను మీట.