చప్పుడు తగ్గితే

అర్వాయిఖేర్‌లో మైనస్ ముప్పై.
బొగ్గుపొగలో వీధి దీపం కూడా కనపడదు.
నార్మందాఖ్ మూడేళ్ళవాణ్ణి
గొర్రెతోలు కోటులో చుట్టి తెచ్చింది.

తలుపు తీయకముందే విన్నాను:
లోపలికి లాగే ప్రతి ఊపిరికీ
తుప్పుపట్టిన బందు కిర్రుమంటోంది,
నడుమ కుక్క మొరిగినట్టు దగ్గు.

పీల్చినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది.
కొత్త డాక్టరు టార్చి తీశాడు, నాలుక నొక్కే బద్ద తీశాడు.
వద్దన్నాను.
ఏడిపిస్తే ఉన్న కాస్త సందూ పోతుంది.
సూదీ వద్దు, మంచమూ వద్దు,
వాడు అమ్మ ఒళ్ళోనే ఉండనీ.
ఇది చెవితో చూసే జబ్బు.

చెంచాడు స్టెరాయిడ్ తాగించాం.
అడ్రినలిన్ ఆవిరి మాస్కు ఆమె చేతికే ఇచ్చాం,
ముక్కుకి ఆనించకుండా పట్టుకోమని.

"చప్పుడు తగ్గిందక్కా," అంది నవ్వుతూ.

చప్పుడు రెండు రకాలుగా తగ్గుతుంది.
రెండోది ఆమెకు చెప్పలేదు.
వాడి పెదాల రంగు చూస్తూనే
మత్తు డాక్టరుకి ఫోన్ కలిపాను,
వయసుకి తగినదాని కన్నా సన్న గొట్టం
ట్రేలో పెట్టాను.

అప్పుడు బిల్గూన్ మాస్కు తోసేసి
బొంగురుగా అడిగాడు:
"నా గుర్రం ఏదీ?"

చెక్క గుర్రం. కోటు జేబులోనే ఉంది.

ఆవిరి బలం రెండు గంటలే.
గొట్టం ట్రేలోనే ఉంచి
గడియారం కిందికి కుర్చీ లాక్కున్నాను.